ఎర్ర డబ్బా డైరీ: అడ్రినల్ గ్రంథులు పనిచేయని ఒంటికి ఇంట్లో, బళ్లో చేసుకున్న ఏర్పాట్లు

అక్టోబరు, దసరా సెలవుల తర్వాత

డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు అడిసన్స్ డిసీజ్ అని ఉంది. రెండు మూత్రపిండాల పైనా ఒక్కొక్కటి చొప్పున ఉండే అడ్రినల్ గ్రంథులు నాకు టీబీ వల్ల దెబ్బతిన్నాయి. వాటిలో తయారు కావాల్సిన కార్టిసాల్ (ఒంటికి కష్టం వచ్చినప్పుడు నిలబెట్టేది), ఆల్డోస్టిరోన్ (ఒంట్లో ఉప్పును పట్టి ఉంచేది) అనే హార్మోన్లు ఇక కావు. కార్టిసాల్ బదులు హైడ్రోకార్టిసోన్, ఆల్డోస్టిరోన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు మింగాలి. జీవితాంతం.

నేను చంద్రగిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కాపురం తిరుపతిలో. రికార్డు రాయందే ప్రయోగం పూర్తయినట్టు కాదని పిల్లలకు చెప్పేదాన్ని కాబట్టి నా ఒంటి సంగతికీ ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టాను. ఇది అందులోంచి తీసి రాస్తున్నదే. పని రెండు భాగాలు. మాత్రల టైములు నా రోజుకు సరిపోయేలా కుదుర్చుకోవడం మొదటిది. నాకు స్పృహ తప్పినా, మాట తడబడినా ఏం చేయాలో పక్కనున్నవాళ్లకు తెలిసి ఉండేలా చూడటం రెండోది. ఈ జబ్బు ప్రాణం మీదికి వచ్చే వేళకు రోగి తన నోటితో చెప్పుకునే స్థితిలో ఉండకపోవచ్చు. అందుకే రెండో పనికే ఎక్కువ పేజీలు పోయాయి.

ఇందులోని మోతాదులు నా రిపోర్టులు చూసి నాకు ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) డాక్టరు రాసినవి. మీకు మీ డాక్టరు చెప్పిందే లెక్క.

ఎట్లా బయటపడిందో కూడా రాస్తాను, ఎందుకంటే ఇది చాలామందిలో నీరసం కింద కొట్టుకుపోతుంది. ఆరు నెలలుగా బరువు తగ్గుతూ వచ్చాను. పొద్దున మంచం దిగితే కళ్లు తిరిగేవి. పాకాల దగ్గర మా ఊరికి వెళితే మా అమ్మ గడపలోనే ఆపేసింది. "ఏమ్మే, ఇట్ల నల్లబడిపోయినావు? ఎండలో పడి తిరగతా ఉండావా?" అంది. ఎండ కాదు. ఎండ తగలని చోట్ల కూడా నలుపే. అరచేతి గీతలు పెన్సిలుతో దిద్దినట్టు తేలాయి, చిగుళ్ల మీద మచ్చలు, వేళ్ల కణుపులు నల్లగా. కార్టిసాల్ లేదని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను ఎడాపెడా పంపిస్తుంది. అదే చర్మంలో నలుపు రంగును కూడా పెంచుతుంది. ఉప్పు మీద యావ మరో గుర్తు. అన్నంలోకి ఊరమిరపకాయ చాలక, వంటింట్లో నిలబడి కల్లుప్పు రాళ్లు చప్పరించేదాన్ని. ఆల్డోస్టిరోన్ లేకపోతే ఒంట్లో సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం పేరుకుంటుంది. నాకు సోడియం 124 ఉంది, 135కు తగ్గకూడదు. పొటాషియం 5.8. ఉదయం ఎనిమిదింటి కార్టిసాల్ దాదాపు అడుగంటింది. స్కానింగ్‌లో రెండు గ్రంథులూ వాచి కనిపించాయి, సూదితో ముక్క తీసి చూస్తే టీబీ.

1855లో లండన్ గైస్ హాస్పిటల్ డాక్టరు థామస్ అడిసన్ ఈ జబ్బును వర్ణించినప్పుడు కూడా ముఖ్య కారణాల్లో టీబీ ఉంది. అప్పుడు దీనికి మందు లేదు. నా మాత్రల కుటుంబానిదే అయిన కార్టిసోన్ మీద పనిచేసిన కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ వచ్చింది. క్లాసులో నోబెల్ బహుమతుల గురించి చెప్పేటప్పుడు ఆ మూడు పేర్లు ఇప్పుడు వేరేగా వినిపిస్తాయి నాకు. వాళ్ల పని వల్లే నేను రోజూ పొద్దున లేస్తున్నాను.

నవంబరు, వానల్లో

మొదట రాసిచ్చింది హైడ్రోకార్టిసోన్ లేవగానే 10 ఎంజీ, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. ఫ్లూడ్రోకార్టిసోన్ 100 మైక్రోగ్రాములు పొద్దున ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, లేచే వేళకు శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అట్టడుక్కు దిగుతుంది. మాత్రలతో ఆ గీతను వీలైనంత దగ్గరగా గీయాలి. హైడ్రోకార్టిసోన్ త్వరగా ఎక్కి త్వరగా దిగిపోతుంది. రక్తంలో గంటన్నర ప్రాంతంలో సగానికి పడిపోతుంది. అందుకే ఒకేసారి మింగితే కుదరదు.

నోటుబుక్కులో గంట గంటకూ ఓపికకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకున్నాను. గ్రాఫు గీస్తే రెండు చోట్ల తేడా కనిపించింది. పన్నెండు దాటగానే గీత జారిపోతోంది. నాలుగో పీరియడ్‌లో సుద్దముక్క ఎత్తి బోర్డు మీద పెట్టడం కూడా బరువే. రాత్రేమో ఒంటిగంట దాకా కళ్లు మూతపడవు. సాయంత్రం మాత్ర ఆరింటికి వేసుకోవడమే అందుకు కారణం. గ్రాఫు డాక్టరుకు చూపించాను. ఆయన దాన్ని తీరిగ్గా చూసి, మధ్యాహ్నం మాత్రను పన్నెండుకు ముందే, సాయంత్రం మాత్రను నాలుగు గంటలకు మార్చారు. వారం తిరిగేసరికి నిద్ర పట్టింది. మోతాదు పెంచాలేమో అనుకునే చోట టైము మారిస్తే చాలింది. పెంచమని అడిగే ముందు ఇట్లా గ్రాఫు గీసి చూపించడం మంచిదని నా గట్టి నమ్మకం. అక్కర లేకుండా పెరిగిన ప్రతి ఎంజీ ఏళ్ల తరబడి ఎముకలకు, షుగర్‌కు భారమే.

పొద్దున మాత్ర మాత్రం మంచం దిగకముందే. తలగడ పక్కన గ్లాసు నీళ్లు, మాత్ర. ఐదున్నరకు అలారం మోగగానే మింగి మళ్లీ పడుకుంటాను. ఆరు గంటలకు లేస్తే ఒళ్లు నాదిలా ఉంటుంది.

ఇంతలో టీబీ మందులు మొదలయ్యాయి. వాటిలో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రాన్ని నారింజ రంగుకు తిప్పేది అదే. అది కాలేయాన్ని తొందరపెట్టి హైడ్రోకార్టిసోన్‌ను మామూలు కంటే వేగంగా కరిగించేస్తుంది. సంగతి తెలియని చోట ఈ రెండూ కలిపి ఇచ్చి పాత మోతాదే ఉంచితే, మాత్రలు వేసుకుంటూనే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. మా డాక్టరు ముందే 20, 10, 10కి పెంచారు. అడ్రినల్ టీబీ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ టీబీ డాక్టరుకు మీ స్టెరాయిడ్ (అంటే హైడ్రోకార్టిసోన్) సంగతి, స్టెరాయిడ్ డాక్టరుకు టీబీ మందుల సంగతి మీరే చెప్పండి. ఇద్దరూ మాట్లాడుకుంటారులే అని ఊరుకోవద్దు.

డిసెంబరు

స్టెరాయిడ్ అనే మాటతో పెద్ద పోరాటమే అయింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకే సలహా. "స్టెరాయిడ్లు వేసుకుంటే మొగం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లయిపోతాయి, మెల్లగా మానెయ్ పాపా." ప్రేమతోనే అంటారు. కానీ నా విషయంలో అది ప్రాణం తీసే సలహా. ఉబ్బసానికో కీళ్లవాతానికో పెద్ద మోతాదులో ఇచ్చే స్టెరాయిడ్ వేరు. నేను వేసుకునేది ఒళ్లు చేసుకోలేకపోతున్నంత మేరకే. కుళాయి రాని వీధిలో ట్యాంకరు నీళ్లు పట్టుకున్నట్టు, ఏ రోజుది ఆ రోజుకు నింపుకోవడం ఇది. ఇట్లా చెబితే మా అత్తమ్మకు వెంటనే అర్థమైంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఆమే చెబుతోంది.

మా వీధిలో ఒక అవ్వ మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన తెల్ల మాత్రలు ఏళ్లుగా మింగుతోంది. స్ట్రిప్పు చూస్తే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. అట్లా చాలాకాలం వాడితే సొంత గ్రంథులు పని మానేస్తాయి. ఒక్కసారిగా ఆపితే నాకు వచ్చే ప్రమాదమే ఆమెకూ రావచ్చు. ఆపొద్దని, ఆ స్ట్రిప్పు పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి పొమ్మని ఆమె కొడుక్కి ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఆయన తీసుకెళ్లాడు. ఇప్పుడు మెల్లమెల్లగా తగ్గిస్తున్నారు.

దగ్గు వచ్చిందని పక్కింటివాళ్లు అతిమధురం కషాయం తెచ్చారు. అది తాగలేదు. అతిమధురం మూత్రపిండాల్లో కార్టిసాల్ కరగడాన్ని అడ్డుకుంటుంది, బీపీ పెరిగి పొటాషియం పడిపోవచ్చు. శొంఠి, మిరియాలు వేసి కాచుకున్నాను.

ఎర్ర డబ్బా ఈ నెలలోనే తయారైంది. స్టీలు సామాన్ల కొట్లో దొరికే ఎర్ర మూత ప్లాస్టిక్ డబ్బా. లోపల హైడ్రోకార్టిసోన్ 100 ఎంజీ పొడి మందు సీసాలు రెండు, ఇంజెక్షన్ నీళ్ల ఆంపూల్స్, సిరంజిలు, సూదులు, దూది, స్పిరిట్, ఓఆర్ఎస్ పొట్లాలు, విడి మాత్రల స్ట్రిప్పు. మూత లోపలివైపు ఏం చేయాలో వరసగా మా ఆయన చేతిరాతతో రాసి అతికించాం. ఎక్కడ పెట్టాలన్నది చాలాసేపు తేలలేదు. గ్యాసు పొయ్యి దగ్గర వేడి, స్కూటరు డిక్కీలో ఇంకా వేడి. చివరికి హాల్లో టీవీ పైన గూట్లో, ఇంటికి ఎవరొచ్చినా కనిపించే చోట.

తర్వాత సూది నేర్చుకోవడం. ఆసుపత్రిలో నర్సమ్మ చూపించినట్టు బత్తాయి కాయ మీద సాధన చేశాం. ఆంపూల్ మెడ విరవాలి. నీళ్లు రెండు ఎం.ఎల్. సిరంజిలోకి లాగాలి. పొడి సీసా మూత తీసి రబ్బరు మీద స్పిరిట్ రుద్ది, నీళ్లు లోపలికి వదలాలి. సీసాను అరచేతుల మధ్య తిప్పితే పొడి కరిగి తేటగా అవుతుంది. మళ్లీ మొత్తం లాగి, గాలి బుడగ పైకి తట్టి బయటికి నెట్టాలి. తొడ బయటివైపు మధ్యలో, నిట్టనిలువుగా, కండలోకి. అవసరమైతే పలచటి బట్ట మీదుగానే పొడవొచ్చని కూడా నర్సమ్మ చెప్పింది. మా ఆయనకు ఆంపూల్ విరవడం దగ్గరే భయం, గుడ్డ చుట్టి విరిచాక కుదిరింది. మా అమ్మ వెనక్కి జరిగి కూర్చుంది. "నా సేతులు వణకతాయి మే, నేనెట్ల పొడిసేది?" అంది. చాలాసేపు చూసి, చూసి, "యాడ, ఇట్లియ్యి" అని తీసుకుంది. సూది కాయలోకి దిగాక కాసేపు దాన్నే పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత ఆమె అడిగింది ఒకటే ప్రశ్న: అక్కర లేకపోయినా పొడిచేస్తే ఏమవుతుంది? ఆ ఒక్క డోసుతో నష్టమేమీ లేదు, అక్కర ఉండి పొడవకపోతేనే నష్టం. అది మూత మీద ఎర్ర సిరాతో రాశాం.

జనవరి, సంక్రాంతి తర్వాత

కార్డు పని. డీటీపీ సెంటరులో కొట్టించి లామినేషన్ చేయించాను. ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లిషు. తెలుగు వైపు ఇట్లా ఉంది: "నా అడ్రినల్ గ్రంథులు పనిచేయవు. స్టెరాయిడ్ ఆగితే ప్రాణాపాయం. వాంతులు, స్పృహ తప్పడం, బీపీ పడిపోవడం కనిపిస్తే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 ఎంజీ నరానికి గానీ కండకు గానీ ఇవ్వండి. నార్మల్ సెలైన్ పెట్టండి. షుగర్ చూడండి. రిపోర్టుల కోసం ఆగకండి." కింద ఇంటి నంబరు, డాక్టరు నంబరు. ఒకటి పర్సులో, ఒకటి బళ్లో బీరువాకు లోపల, ఒకటి మా ఆయన జేబులో.

ఫ్రిజ్ తలుపు మీద జ్వరం కాగితం. జ్వరం 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు. 39 దాటితే మూడింతలు. జ్వరం తగ్గాక మళ్లీ మామూలు. మాత్ర మింగిన అరగంటలోపు వాంతి అయితే మళ్లీ మింగాలి. అదీ పోతే సూది, ఆ వెంటనే ఆసుపత్రి. పన్ను పీకించుకోవాలన్నా ముందు చెప్పాలి.

బళ్లో హెడ్‌మాస్టరు గారికి, బయాలజీ మేడంకు, పీఈటీ సారుకు చెప్పాను. రెండో డబ్బా స్టాఫ్‌రూములో ఉంది. పీఈటీ సారు దెబ్బలకు కట్లు కట్టే మనిషి, ఒక్కసారి చూడగానే చేతికి వచ్చేసింది ఆయనకు. తొమ్మిదో తరగతి లీడరుకు కూడా చెప్పి ఉంచాను: మేడం పాఠం మధ్యలో తికమకగా మాట్లాడినా, కూర్చుండిపోయినా పరిగెత్తి స్టాఫ్‌రూముకు రావాలి. ఆ పిల్ల ఎంత శ్రద్ధగా విందో చెప్పలేను.

ఫిబ్రవరి

ఏర్పాట్లకు పరీక్ష వచ్చింది. పుత్తూరు వైపు ఒక పెళ్లి. రాత్రి భోజనాలైన తర్వాత చాలామందికి వాంతులు పట్టుకున్నాయి, నాకూ. మాత్ర మింగాను, నిలవలేదు. మళ్లీ మింగాను, అదీ పోయింది. కడుపులో నొప్పి, చేతులు చల్లబడ్డాయి. మా ఆయన పిలుస్తుంటే వినపడుతోంది గానీ బదులు చెప్పాలనిపించలేదు. ఆ అనిపించకపోవడమే గుర్తు. ఆయన ఇక నన్ను అడగలేదు. కారులో లైటు వేసి, డబ్బా తీసి, తొడకు సూది వేసేశాడు.

దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. డ్యూటీలో ఉన్నాయన గ్లూకోజు పెడతామన్నాడు గానీ, స్టెరాయిడ్ మాత్రం తెల్లారాక పెద్దాయన వచ్చి చూసి చెప్పాలి అన్నాడట. మా ఆయన వాదనకు దిగలేదు. కార్డు ఇంగ్లిషు వైపు తిప్పి టేబులు మీద పెట్టి, మా డాక్టరుకు ఫోను కలిపి ఆయన చేతికిచ్చాడు. ఆ తర్వాత నార్మల్ సెలైన్, నరానికి హైడ్రోకార్టిసోన్ రెండూ మొదలయ్యాయి. తెల్లవారేసరికి లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాను.

ఆ రాత్రి నన్ను నిలబెట్టింది అంతకుముందు కారులో పడిన సూది. అందులో నాకు అనుమానం లేదు. ఇంట్లో ఇంకొకరికి సూది రాకుండా, మాత్రలు మాత్రమే పెట్టుకుని ఉంటే సరిపోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డబ్బాకు ఒక మార్పు చేశాం. చీకట్లో పనికొస్తుందని చిన్న టార్చి చేర్చాం.

ఏప్రిల్, మే: కత్తిరి ఎండలు

టీబీ కోర్సు అయిపోయింది. రిఫాంపిసిన్ ప్రభావం ఒక్కరోజులో పోదు, కాలేయం మామూలు వేగానికి రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. అందుకే మెట్లు మెట్లుగా తగ్గించి మళ్లీ 10, 5, 5కి వచ్చాం. గ్రంథులు కోలుకుంటాయా అని అడిగాను. టీబీ తగ్గినా ఇవి తిరిగి పనిచేయడం చాలా అరుదు అన్నారు. అది విన్న రోజు డైరీలో ఏమీ రాయలేదు.

తిరుపతి ఎండ 40 దాటింది. చెమటలో ఉప్పు పోతే మూత్రపిండాలు దాన్ని వెనక్కి పట్టుకోవాలి, ఆ పని నాకు ఫ్లూడ్రోకార్టిసోన్ చేయాలి. పడుకుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి బీపీ చూసుకుంటున్నాను. నిలబడినప్పుడు పైఅంకె 20 పాయింట్ల దాకా తగ్గుతోంది, మళ్లీ ఉప్పు యావ మొదలైంది. రాసింది చూపిస్తే ఈ ఎండలు పోయేదాకా ఫ్లూడ్రోకార్టిసోన్ సగం మాత్ర పెంచారు. కాళ్లు వాచినా, బీపీ పెరిగినా వెంటనే రమ్మన్నారు.

తిండి విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. నీరసంగా ఉంటే ఎవరైనా ముందు ఇచ్చేది కొబ్బరిబోండాం. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మాకు కావాల్సింది సరిగ్గా తిరగేసి. వాంతులైనప్పుడు, చెమటలు పోసినప్పుడు నేను బోండాం జోలికి వెళ్లను. రాగి అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిపి పెద్ద గ్లాసు తాగుతాను, లేదంటే ఓఆర్ఎస్. సోడియం తగ్గించిన ఉప్పు అని షాపుల్లో దొరికేది కూడా కొనొద్దు. సోడియం తగ్గించిన చోట అందులో పొటాషియం కలుపుతారు. మా మామగారికి బీపీ, ఆయనకు చప్పిడి కూర. అందుకని సంగటి ముద్ద, కూర అందరికీ ఒకటే వండి, నా కంచం పక్కన ఉప్పు గిన్నె వేరేగా పెడుతోంది మా అత్తమ్మ. ఊరిబిండి కూడా నాకు కాస్త ఎక్కువ.

జూలై

మొక్కు ఉంది. మెట్లెక్కి కొండకు వస్తానని ఆసుపత్రి మంచం మీద అనుకున్నాను. డాక్టరును అడిగితే వద్దనలేదు. ఎక్కే ముందు 5 ఎంజీ అదనం, ఉప్పు మజ్జిగ, ఒంటరిగా వద్దు, డబ్బా చేతిలో ఉండాలి అన్నారు. బడికి దగ్గరే కాబట్టి శ్రీనివాస మంగాపురం పక్కనున్న శ్రీవారి మెట్టు ఎంచుకున్నాం. 2388 మెట్లు. దూరం తక్కువ, కానీ నిటారు.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు అక్కరకొచ్చేవి రెండున్నాయి. నడిచి వెళ్లేవాళ్ల సామాను టీటీడీ వాళ్లు కిందే తీసుకుని పైకి ఉచితంగా చేరుస్తారు. మంచి సదుపాయమే, కానీ మందుల సంచి మాత్రం అందులో వేయకండి. రెండోది, దర్శనం క్యూలోకి ఫోను తీసుకుపోకూడదు, డిపాజిట్ చేయాలి. ఫోనులోనే మన అలారాలన్నీ ఉంటాయి. కంపార్టుమెంటులో కూర్చున్నాక ఎన్ని గంటలు పడుతుందో తెలియదు. నేను ఆ రోజు మాత్రలను స్ట్రిప్పుతో సహా కత్తిరించి కొంగుకు ముడేసుకున్నాను. చేతికి మామూలు గడియారం పెట్టుకున్నాను. డాక్టరు రాసిచ్చిన ఉత్తరం సూదులతో పాటు సంచిలో. లోపల వాళ్లు పాలు, ఉప్మా పెట్టారు, దాంతో మధ్యాహ్నం మాత్ర, ఆ తర్వాత నాలుగు గంటల మాత్ర వేసుకున్నాను. దర్శనం అయ్యేసరికి పొద్దుగూకింది. మెట్ల మీద నాలుగైదు చోట్ల కూర్చున్నాను, కళ్లు తిరగలేదు. గర్భగుడి ముందు నిలబడినప్పుడు అడగాల్సింది ఏదీ గుర్తుకు రాలేదు, ఏడ్చేశాను.

ఆగస్టు

సోడియం 138, పొటాషియం 4.4. బరువు చాలావరకు వెనక్కి వచ్చింది. అరచేతి గీతలు పలచబడ్డాయి, చిగుళ్ల మచ్చలు ఇంకా ఉన్నాయి.

మిగిలిన పనులు: ఇంట్లో డబ్బాలోని ఒక సీసాకు గడువు దగ్గర పడింది, కొత్తది తెప్పించి పాతదాన్ని సాధనకు వాడాలి. ఫ్లూడ్రోకార్టిసోన్ అన్ని షాపుల్లో పెట్టరు. మా వీధి షాపతనికి ముందే చెప్పి నెల సరుకు ఎప్పుడూ అదనంగా ఉంచుకునేలా మాట్లాడుకున్నాను, ఈ నెలది ఇంకా రావాలి. బదిలీల్లో పీఈటీ సారు వెళ్లిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన సారుకు శనివారం ఆఖరి పీరియడ్ తర్వాత నేర్పించాలి. బయాలజీ మేడం కూడా ఉంటానన్నారు.